బోర్లించిన గ్లాసులు

చేప బొమ్మల గ్లాసుల్ని వెల్మా ఇంట్లో ఎవరూ బోర్లించరు. కడిగి, తడి లేకుండా తుడిచి, నోరు పైకి ఉండేలా అద్దాల బీరువాలో పెడతారు. ఈ ముక్క కొత్తకోడలు టెస్సాకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తోస్తుంది? చొక్కాకి గుండీలు ముందువైపు ఉంటాయని ఎవరైనా ఎవరికైనా చెప్తారా?

ఆ గ్లాసులు ఐదు. అలబామాలో ఓ డ్యామ్ వెనకాల నిలిచిన సరస్సు ఒడ్డున బాస్ చేపల క్లబ్బు పెట్టిన ఏడాది, వెల్మా మొగుడు గార్లండ్ పనిగట్టుకుని చేయించాడు. అడుగు మందంగా, పట్టుకుంటే చెయ్యి నిండేలా ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో పెద్దనోటి బాస్ చేప: పచ్చటి వీపు, తెల్లటి పొట్ట, పక్కన నల్లటి చార. గ్లాసు అడుగున మనిషి పేరు. క్లబ్బులో ఇప్పుడు చాలామందే ఉన్నారు కానీ గ్లాసులు మాత్రం మొదటి ఐదుగురివే. ఆ ఐదోవాడు అప్పటికింకా మీసం రాని కొడుకు డెల్. ఏటా వసంతంలో పోటీకి ముందురోజు సాయంత్రం వాళ్ళంతా గార్లండ్ ఇంట్లో భోంచేసి, ఎవరి గ్లాసులో వాళ్ళు ఓ గుక్క విస్కీ తాగుతారు. మిగతా ఏడాదంతా అవి బీరువా దిగవు.

గ్లాసు బోర్లిస్తే దాని మీది చేప వెల్లకిలా పడుతుంది. పొట్ట పైకి పెట్టి తేలే చేప ఎలాంటి చేపో ఆ నీళ్ళ దగ్గర పుట్టిన పసివాడికైనా తెలుసు. పట్టిన చేపని పడవలోని తొట్టిలో బతికించుకుని, తూకం వేయించి, తిరిగి సరస్సులో వదిలేసే మనుషులు వాళ్ళు. తొట్టిలో చేప వెల్లకిలా తిరిగిందంటే తూకంలో కోతా పడుతుంది, పదిమందిలో తలా వంగుతుంది. అందుకే క్లబ్బులో మనిషి పోతేనే గ్లాసు బోర్లిస్తారు. అది కూడా పోయినవాడితో ఒకే పడవలో తిరిగినవాడే బోర్లించాలి. బీరువా చివర అలా రెండు గ్లాసులు ఉన్నాయి. వాటిలో ఒకటి ఆన్సెల్‌ది. ఆన్సెల్ ఓ ఏడు మత్తెక్కి, నవ్వులాటకి తన గ్లాసు తనే బోర్లించి, "ఇదిగో, నేను పోయాను, ఏడవండర్రా" అన్నాడు. ఆ చలికాలం దాటలేదు. గుండె ఆగిందని డాక్టర్లు చెప్పారు. డాక్టర్లు ఏం చెప్పినా, ఆనాటినుంచి ఆ గ్లాసులతో పరాచికాలాడినవాడు లేడు.

ఆ సాయంత్రం భోజనాలూ, గ్లాసుల్లో గుక్కెడు విస్కీ తాగడమూ అయ్యాయి. క్యాట్‌ఫిష్ వేపుడు, మొక్కజొన్నపిండి ఉండలు, తియ్యటి చల్లటి టీ. బాస్ చేపని మాత్రం వాళ్ళు తినరు. దాన్ని తినడమంటే వేటకుక్కని కూర వండుకున్నట్టు చూస్తారు. మగవాళ్ళు ముగ్గురూ, గార్లండ్, డెల్, ఆన్సెల్ తమ్ముడు హోయ్ట్, వసారాలో కూర్చుని రేపటి గాలి ఎటు తిరుగుతుందో వాదించుకుంటున్నారు. వెల్మా వాళ్ళ పక్కనే కూర్చుని దోమలు తోలుకుంటోంది. లోపల టెస్సా గిన్నెలు కడుగుతోంది. ఆమెది అరిజోనాలో నీటి చుక్క కనపడని ఎడారి ఊరు. పెళ్ళై నెల తిరగలేదు. అత్తగారి చేత శభాష్ అనిపించుకోవాలని, వద్దంటున్నా వినకుండా చీపురు దగ్గర్నుంచి చెంచాల దాకా అన్నీ తన చేతిమీదే వేసుకుంది.

పండ్లు పెట్టి కాల్చిన 'పై' అనే తియ్యరొట్టె తిందామని అందరూ లోపలికొచ్చారు. గిన్నెలు కడిగే తొట్టి పక్కన తెల్ల తువ్వాలు పరిచి ఉంది. దాని మీద మూడు గ్లాసులు, నీళ్ళు ఓడుతూ, బోర్లించి ఉన్నాయి. మూడు చేపలూ పొట్టలు పైకి పెట్టి ఉన్నాయి.

 హోయ్ట్ గోడకున్న టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

"ఏమైంది? పగలగొట్టానా ఏంటి?" అంది టెస్సా, అందరి మొహాల్లోకీ చూస్తూ.

డెల్ నసుగుతూ సంగతి చెప్పాడు. పిల్ల మొహం పాలిపోయింది. "అయ్యో, నాకెవరూ చెప్పలేదు. ఆరతాయని పెట్టానంతే. అత్తయ్యా, నాకు నిజంగా తెలీదు."

 వెల్మా కళ్ళు ఆ తెల్లటి పొట్టల మీదినుంచి తిప్పుకోలేకపోతోంది. పరవాలేదమ్మా అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు.

గార్లండే పకపకా నవ్వాడు. "ఓసి నీ దుంపతెగ! ముగ్గుర్ని ఒక్క దెబ్బకి పడగొట్టావే అమ్మాయ్! హోయ్ట్‌గాడిని పంపెయ్యాలని నేను ఏళ్ళ తరబడి చూస్తున్నా, నా వల్ల కాలేదు."

హోయ్ట్ నవ్వలేదు. "మా అన్న కూడా ఇలాగే నవ్వాడు గార్లండ్."

"మీ అన్న రోజుకి మూడు పెట్టెలు సిగరెట్లు తాగేవాడురా, దాన్ని వదిలేసి గ్లాసుని పట్టుకుంటావేం?" అంటూ గార్లండ్ హోయ్ట్ గ్లాసూ డెల్ గ్లాసూ తిప్పి నిలబెట్టాడు. తన గ్లాసు మీద చెయ్యి వేసి ఆగాడు. కోడలి కళ్ళలో నీళ్ళు చూశాడు. "నాది తెల్లారేదాకా ఇలాగే ఉండనీ. అదేం పీకుతుందో నేనూ చూస్తా" అన్నాడు.

అతనిది మంచి మనసే. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అందరూ వెళ్ళాక వెల్మా ఆ గ్లాసుని నిలబెట్టి, తుడిచి, బీరువాలో పెట్టింది. గ్లాసైతే తిరిగింది కానీ, ఆమె కంటికి చేప ఇంకా వెల్లకిలానే కనిపిస్తోంది.

"రేపు వెళ్ళకు" అంది పడకగదిలో.

"మతి గానీ పోయిందా నీకు? పోటీ పెట్టేదే నేను."

"ఒక్క ఏడు. నీకు పుణ్యముంటుంది. డెల్‌ని కూడా ఆపు. నేను నిన్నెప్పుడైనా ఇలా అడిగానా?"

గార్లండ్ బూట్ల తాళ్ళు విప్పుతూ ఆమె వైపు చూశాడు. "చూడు వెల్మా. గ్లాసు బోర్లించిందని నేను ఇంట్లో కూర్చున్నాననుకో, రేపు ఒడ్డున అందరూ ఏమంటారు? ఆ పిల్ల అడుగు మంచిది కాదంటారు. అది ఇక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగగలదా? నేను వెళ్ళి, చేపలు పట్టి, మధ్యాహ్నానికి తిరిగొస్తే పీడా పోతుంది. పడుకో."

ఆమె పడుకుంది. నిద్రెక్కడిది? అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? మంచు దిగిన సరస్సు మీద పడవ, పడవలో మొగుడూ కొడుకూ, నీళ్ళ కింద డ్యామ్ కట్టిననాడు మునిగిన అడవి తాలూకు మొద్దులు. ఇవే కళ్ళ ముందు. వీళ్ళని ఎలా ఆపాలి? బతిమాలితే వినడు. తిడితే ఇంకా వినడు. తెలతెలవారుతుండగా ఆమెకి బొడ్డుతాడు గుర్తొచ్చింది.

పడవ నడిపేవాడికీ ఇంజిన్‌కీ మధ్య ఓ ఎర్రటి మెలికల తాడు ఉంటుంది. ఒక కొస మనిషి తేలుడు జాకెట్‌కి, రెండో కొస స్టీరింగ్ పక్కనున్న స్విచ్చికి. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడొస్తుంది, ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. అసలు తాడు తగిలించకపోతే ఇంజిన్ పలకనే పలకదు. దాన్ని గార్లండ్ బొడ్డుతాడంటాడు. పోటీ పొద్దున ప్రతి పడవ దగ్గరికీ వెళ్ళి, ప్రతివాడి తాడూ తన చేత్తో లాగి చూసేది అతనే. "బొడ్డుతాడు లేనివాడికి పోటీ లేదు" అన్నది అతని శాసనం. నిరుడు హోయ్ట్ మేనల్లుడిని, ఎంత ఏడ్చినా, ఒడ్డునుంచే వెనక్కి పంపేశాడు. అలాంటి మనిషి తన తాడే లేకపోతే ఏం చేస్తాడు? నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటాడు. వేరే తాళ్ళు ఆ ఇంజిన్‌కి పట్టవు. కొత్తది కొనాలంటే పట్నం వెళ్ళాలి.

వెల్మా చెప్పులు లేకుండా పడవల షెడ్డుకి వెళ్ళింది. స్విచ్చినుంచి తాడు ఊడదీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. తిరిగొచ్చి పొయ్యి వెలిగించింది. దేవుడా, నా ఇంటిని నేను కాపాడుకున్నాను అనుకుంది. పాపం, మనస్ఫూర్తిగానే అనుకుంది.

కాసేపటికి షెడ్డులో కేకలు మొదలయ్యాయి. "తాడేదిరా?"

"రాత్రి స్విచ్చికే ఉంది నాన్నా. నా కళ్ళతో చూశాను."

"నీ కళ్ళు పెళ్ళైనప్పట్నుంచీ ఎక్కడుంటున్నాయో మాకు తెలీదా? వెతుకు!"

పెట్టెలు బోర్లించారు, సీట్లెత్తారు. ఇల్లంతా గాలించారు. టెస్సా కూడా మోకాళ్ళ మీద పాకుతూ సోఫాల కింద చేతులు పెట్టి చూసింది. వెల్మా పొయ్యి దగ్గర, బిస్కట్లనే మెత్తటి రొట్టెల్లోకి గ్రేవీ కలుపుతూనే ఉంది. జేబులో తాడు తొడకి తగులుతోంది.

గార్లండ్ గుమ్మంలో నిలబడ్డాడు. "వెల్మా, తాడు చూశావా?"

"నేనెందుకు చూస్తాను? నేనేమన్నా పడవ నడుపుతానా?"

అతను ఆమెకేసి ఓ క్షణం చూశాడు. ఆమె గరిటె ఆపలేదు. "నీ శాసనం నీకే తగిలిందిలే. బొడ్డుతాడు లేనివాడికి పోటీ లేదు. కూర్చుని బిస్కట్లు తిను" అంది.

గార్లండ్ కూర్చున్నాడు. కాఫీ పోసుకున్నాడు. మాట్లాడకుండా రెండు బిస్కట్లు తిన్నాడు. వెల్మా గుండెల మీది బండ దిగిపోయింది. ఇంకో బిస్కట్ వేసి, గ్రేవీ పోసి, అతని భుజం మీద చెయ్యి కూడా వేసింది.

"సరే, మేం పోటీ రేవుకెళ్ళి మిగతావాళ్ళని సాగనంపొస్తాం" అని లేచాడు గార్లండ్. "నా కోసం ఆగుతుంటారు. రారా డెల్."

ట్రక్కులో వెళ్తారనుకుంది ఆమె. పళ్ళేలు తీసింది. బల్ల తుడిచింది. అప్పుడు షెడ్డు వైపునుంచి ఇంజిన్ దగ్గింది, ఇంకోసారి దగ్గింది, అందుకుంది.

వెల్మా చెయ్యి జేబు మీదికి పోయింది. తాడు అక్కడే ఉంది.

టెస్సా చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "వెళ్ళారత్తయ్యా! మామయ్య ఎంత తెలివైనవారో! గాలం దారం తీసి ఆ స్విచ్చి చుట్టూ బిగించి కట్టేశారు, ఇంజిన్ పలికేసింది. డెల్ వద్దన్నాడు. 'ముడి వేసింది నేనురా, మధ్యాహ్నం దాకా ఊడదు' అన్నారు. మీకు చెప్పొద్దన్నారు, మీరు కంగారు పడతారట. 'నీ మీదికి ఒక్క మాట రానివ్వను, అందుకే వెళ్తున్నా' అన్నారు నాతో." ఆమె తువ్వాలు మడిచి కుర్చీకి వేసింది. "మా నాన్న కూడా నాకోసం అంత చెయ్యలేదత్తయ్యా."

వెల్మా పరుగెత్తింది. ఇంటి ముందు చెక్క రేవు చివరిదాకా వెళ్ళి గొంతు చించుకుని పిలిచింది. ఎదురుగా తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. ఇంజిన్ మోత దూరమైపోయింది. డెల్‌కి ఫోన్ చేసింది. అది వంటింటి కిటికీలో మోగింది. హోయ్ట్‌కి చేసింది. ఎత్తలేదు, ఇంజిన్ హోరులో ఎవడికి వినపడుతుంది? ఇక మిగిలింది సరస్సు కాపలావాళ్ళు. వాళ్ళకి చేస్తే పడవ ఆపిస్తారు. వేలు నంబరు మీదే ఉంది. ఏమని చెప్పాలి? నా మొగుడి తాడు నేను దాచాను, ఆయన లేకుండానే వెళ్ళాడు, అనా? పోటీ పెద్ద, అందరి తాళ్ళూ లాగి చూసేవాడు, తాడు లేకుండా దొరికాడని ఊరంతా నవ్వదా? సగం రోజే కదా. ముడి గట్టిదే అయ్యుంటుంది. ఆమె ఫోను జేబులో, తాడు పక్కన, పెట్టేసుకుంది.

ఇద్దరూ రేవు మీదే నిలబడ్డారు. టెస్సా శాలువా తెచ్చి అత్తగారి భుజాల మీద కప్పింది. "రాత్రి పని మీద మీకు కోపంగా ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"ఇంకెప్పుడూ బోర్లించను. ఒట్టు."

మంచు పల్చబడుతోంది కానీ అవతలి ఒడ్డు ఇంకా కనపడటం లేదు. దూరంగా పోటీ పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి మోత పెడుతూ వెళ్ళిపోయాయి. ఆ తర్వాత చాలాసేపు నీళ్ళు రేవు గుంజలకి తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. వెల్మా ఊపిరి కాస్త కుదుటపడింది.

అప్పుడు వినపడింది. మంచులోంచి ఒక ఇంజిన్ మోత. దగ్గరికి రావడం లేదు. దూరం పోవడం లేదు. ఒకే గొంతుతో, కాస్త హెచ్చి, కాస్త తగ్గి, మళ్ళీ హెచ్చి, ఒక్క చోటే గిర్రున తిరుగుతోంది.

"వాళ్ళొస్తున్నారా అత్తయ్యా?" అంది టెస్సా, మడమలెత్తి చూస్తూ.

 మనిషి పట్టు తప్పిన పడవ అలా తిరుగుతుంది. పడినవాడి చుట్టూనే, గానుగెద్దులా, పెట్రోలు అయిపోయేదాకా. ఆ మోత వెల్మా చిన్నప్పుడు ఒక్కసారి విన్నది. వాళ్ళమ్మ అప్పుడు చెవులు మూసింది. ఇప్పుడు మూసేవాళ్ళు లేరు. వెల్మా వింటూ నిలబడింది. ఆమె జేబులో ఎర్రతాడు చేతికి చుట్టుకుని వేళ్ళు తిమ్మిరెక్కాయి.

చాలాసేపటికి మోత ఆగింది.

హోయ్ట్ పడవ ముందు భాగం మంచులోంచి బయటికొచ్చింది. డెల్ కూర్చుని ఉన్నాడు. కుడి భుజం జారిపోయి చెయ్యి వేలాడుతోంది. అతని కాళ్ళ దగ్గర నీలం పట్టా కప్పి ఉంది. పట్టా కింద ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఒక బూటు బయటికే ఉంది. రాత్రి ఆ బూటు తాళ్ళు విప్పుతూనే గార్లండ్ ఆమెని పడుకోమన్నాడు.

మొద్దు తగిలిందట. తండ్రీకొడుకులిద్దరూ ఎగిరి నీళ్ళలో పడ్డారట. గార్లండ్ తేలాడు, ఈదాడు, నవ్వాడు కూడా. "మీ అమ్మకి చెప్పకురా" అన్నాడట. పడవ ఆగలేదు. చుట్టూ తిరిగి వచ్చి అతని మీదికెక్కింది. హోయ్ట్ వచ్చి ఇంజిన్ రెక్కలకి లంగరు మోకు విసిరి చుట్టుకునేలా చేస్తేనే గానీ ఆగలేదట.

సాయంత్రానికి ఇల్లు జనంతో నిండింది. ఎవరో కోడికూర తెచ్చారు, ఎవరో పై తెచ్చారు. తినేవాళ్ళు లేక బల్ల మీదే ఉన్నాయి. ఇక గ్లాసు బోర్లించాలి. ఒకే పడవలో ఉన్నవాడే చెయ్యాలి గనక, డెల్ మెడకి కట్టిన గుడ్డలో ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో బీరువాలోంచి తండ్రి గ్లాసు తీశాడు. పచ్చటి వీపు పైకే ఉంది.

టెస్సా తొట్టి పక్కన మూలకి నిలబడి ఉంది. ఆమె పక్కన ఎవరూ లేరు. నిన్న పరిచిన ఆ తువ్వాలు ఇంకా అక్కడే ఉంది.

"ఇంకా బోర్లించడానికేముంది?" అన్నాడు హోయ్ట్, గొంతు తగ్గించకుండానే. "నిన్ననే అయిపోయింది ఆ పని."

"హోయ్ట్" అందొక ఆడమనిషి, ఊరుకోమన్నట్టు.

"ఉన్నమాటే అంటున్నా. నీళ్ళ ముఖం తెలీని పిల్లని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే ఇంతే."

డెల్ అతన్ని కాదనలేదు. పెళ్ళాం వైపు చూశాడు. పొద్దున దాకా ఆ కళ్ళలో ఉన్నదేదీ ఇప్పుడు లేదు. టెస్సా ఆ చూపుని తట్టుకోలేక తల దించుకుంది. "నేను మా ఊరెళ్ళిపోతాను. నావల్లే. మామయ్య నాకోసమే వెళ్ళారు" అంది, వినీ వినపడనట్టు.

వెల్మా కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దుటి ఏప్రన్ ఇంకా విప్పలేదు. ఒక్క మాట అనకపోతే చాలు. తాడు సరస్సులో పడిపోయిందనుకుంటారు. పిల్ల వెళ్ళిపోతుంది. కొడుకు తన దగ్గరే ఉంటాడు. ఈ ముసలితనంలో ఇక ఉన్నది వాడొక్కడే. 'నీ మీదికి ఒక్క మాట రానివ్వను' అని మాటిచ్చి వెళ్ళినవాడు తిరిగొచ్చి అడగడు.

"నీవల్ల కాదమ్మా" అంది వెల్మా.

జేబులోంచి ఎర్రతాడు తీసి బల్ల మీద పెట్టింది. మెలికలు మెల్లగా విడిపోయి పై పళ్ళెం దాకా సాగాయి. హోయ్ట్ దాన్ని చూశాడు. టోపీ తీసేశాడు. గదిలో అందరికీ తెలుసు అదేంటో. టెస్సాకి కూడా ఇప్పుడు తెలుసు.

"నేనే తీశాను. పొద్దున్నే. వెళ్ళకుండా ఆగిపోతారని."

  డెల్ తండ్రి గ్లాసుతో నడిచి వచ్చి, దాన్ని తల్లి ముందు, తాడు పక్కన, నోరు పైకే ఉండేలా పెట్టాడు.

"నువ్వే బోర్లించమ్మా" అన్నాడు.